పడవ వేళకు పరుగు: సిప్పీఘాట్ దారిలో స్పీడ్ చలాన్ మీద తరచూ అడిగే ప్రశ్నలు

2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జనం నోట మాత్రం ఇంకా పాత పేరే ఉంది. ఆ ఊరికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో, వండూరు వెళ్లే దారిలో ఉంటుంది సిప్పీఘాట్. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు చాలాచోట్ల మళ్లీ వెనక్కి పోలేదు. ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు నీళ్లు, కొంగలు, ఎండి నిలబడిన చెట్ల మోళ్లు కనిపిస్తాయి. వాటి మధ్యగా పోతుంది రోడ్డు.

అండమాన్‌లో తెలుగు మాట కొత్త కాదు. 2011 జనగణన లెక్కన ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మంది. విశాఖ నుంచి ఓడ మీదో, హైదరాబాదు, చెన్నైల నుంచి విమానంలోనో వచ్చే మనవాళ్లకు కారు డ్రైవర్ కూడా తెలుగువాడే తగలడం మామూలు విషయం. వాళ్లు తరచూ అడిగే ప్రశ్నలే ఇవి.

అసలు ఇంత చిన్న ద్వీపంలో జనం ఎందుకు స్పీడుగా పోతారు?

ఇక్కడ రోజు మొత్తం గడియారం చేతిలో ఉంటుంది. వండూరు నుంచి జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు వెళ్లే పడవలు పొద్దున్నే కదులుతాయి. బారాటాంగ్ దీవికి వెళ్లాలంటే జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి. అక్కడి నుంచి బండ్లు పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా, అంటే వరసగా, పోతాయి. గేటు తప్పితే తరువాతి కాన్వాయ్ దాకా కూర్చోవాల్సిందే.

సాయంత్రం ఇంకో తొందర మొదలవుతుంది. మన దేశపు గడియారం కాకినాడ మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖకు పెట్టింది. పోర్ట్‌బ్లెయిర్ ఉన్నది 93 డిగ్రీలకు దగ్గర్లో. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే, కాకినాడ కంటే ఇక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే పొద్దు గూకుతుంది. మన ఊళ్లో ఇంకాసేపు వెలుతురు చూసిన కళ్లకు ఇది తెలియదు. వండూరు బీచ్‌లో నాలుగున్నర దాకా కూర్చుని, చీకటి కమ్ముకొస్తుంటే ఒక్కసారిగా ఉలిక్కిపడి తిరుగుదారి పడతారు. స్పీడు పెరిగేది అప్పుడే. ఎదుటి బండి లైట్లు కంట్లో పడేదీ, పశువులు రోడ్డెక్కేదీ కూడా అదే వేళ.

నన్నడిగితే, చలాన్ తప్పించుకునే ఉపాయం ఏ చట్టంలోనూ లేదు, ముందు రాత్రి పెట్టుకునే అలారంలో ఉంది. అరగంట ముందు బయల్దేరితే ఈ కింద రాసిన దాంట్లో సగం మీకు అక్కరకే రాదు.

ఈ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ ఎంత?

రోడ్డు పక్కన ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మీద ఏ అంకె ఉంటే అదే లిమిట్. ఎర్ర త్రికోణం బోర్డు ముందు మలుపుందనో బడి ఉందనో హెచ్చరిస్తుంది. గుండ్రటిది ఆజ్ఞ.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 112వ సెక్షన్ రెండు అంచెల్లో నడుస్తుంది. బండి రకాన్ని బట్టి గరిష్ఠ వేగం కేంద్రం నిర్ణయిస్తుంది. రోడ్డు తీరు, వంతెన, జనం భద్రత చూసి స్థానిక ప్రభుత్వం దాన్ని తగ్గించవచ్చు. అందుకు గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వాలి, రోడ్డు మీద బోర్డు పెట్టాలి. నెల రోజులకు మించని తాత్కాలిక ఆంక్షకు మాత్రం నోటిఫికేషన్ అక్కర్లేదు. రోడ్డు పని జరుగుతున్న చోట, కట్ట కోసుకుపోయిన చోట రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే బోర్డులకు అధికారం ఇక్కడి నుంచే వస్తుంది.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన పట్టికలో మామూలు రోడ్ల మీద కారుకు 70, మోటార్‌సైకిల్‌కు 60, ఆటోకు 50 అని ఉంది. ఆ పట్టిక మీద మద్రాసు హైకోర్టులో వివాదం కూడా నడిచింది. బోర్డు 40 అంటున్న చోట ఆ 70ని ఆసరా చేసుకుని వాదించడానికి వీల్లేదు. ఫోన్ మ్యాపులో కనబడే అంకె కూడా చట్టం కాదు.

స్పీడ్ గన్ లేకుండా, కంటితో చూసి "నువ్వు ఎనభైలో వచ్చావు" అని కేసు రాయొచ్చా?

రాయొచ్చు, కానీ కోర్టులో నిలబడడం కష్టం. 183వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ ఇది సూటిగా చెబుతుంది. ఒకే ఒక్క సాక్షి "నా అంచనాలో ఇతను అతివేగంగా వచ్చాడు" అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదు. ఆ అంచనా ఏదైనా యంత్రంతోనో ఎలక్ట్రానిక్ పరికరంతోనో లెక్కగట్టిందని చూపించాలి. కాబట్టి స్పీడ్ గన్ రీడింగ్ చూపించమని అడగొచ్చు. మర్యాదగా అడగండి.

కెమెరాతో పట్టుకుంటే మరికొన్ని నిబంధనలున్నాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ చేర్చారు. దాని ప్రకారం ఆ పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, ఏటా దాన్ని పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న రోడ్డు ముక్కకు ముందే హెచ్చరిక బోర్డు కనబడాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి.

కంటి అంచనా గురించిన ఆ రక్షణ స్పీడ్ కేసుకే. మలుపులో అడ్డదిడ్డంగా ఓవర్‌టేక్ చేస్తే, చేత్తో ఫోన్ పట్టుకుని నడిపితే అది 184వ సెక్షన్ కిందకి, అంటే ప్రమాదకరంగా నడపడం కిందకి వస్తుంది. అక్కడ మొదటి తప్పుకే 1,000 నుంచి 5,000 దాకా ఫైను గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. స్పీడ్ గన్ ఉందా లేదా అన్న వాదనకు అక్కడ చోటు లేదు.

ఫైను ఎంత?

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం కారులాంటి తేలికపాటి వాహనానికి 1,000 నుంచి 2,000 రూపాయలు, బస్సు, లారీ వంటి మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 దాకా. అక్కడికక్కడే కట్టి వదిలించుకునే వీలు 200వ సెక్షన్ ఇస్తుంది. అది మీకున్న వీలు మాత్రమే, కట్టి తీరాలన్న నిర్బంధం కాదు. తప్పు చేయలేదని మీరు నమ్మితే కోర్టుకు వెళతానని చెప్పొచ్చు. కట్టేట్లయితే రసీదు గానీ ఈ-చలాన్ నంబరు గానీ లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

స్పీడుకి లైసెన్సు తీసేసుకుంటారా?

ఈ ప్రశ్న చాలామంది చివర్లో అడుగుతారు. మొదట అడగాల్సింది ఇదే.

రెండోసారి, ఆపైన దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవాలని 183వ సెక్షనే చెబుతోంది. ఆ పద్ధతి 206వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్‌లో ఉంది. లైసెన్సును రద్దు, అనర్హత చర్యల కోసం లైసెన్సింగ్ అధికారికి పంపుతారు. మీ చేతికి ఒక తాత్కాలిక రసీదు ఇస్తారు. మిగతా సందర్భాల్లో ఇచ్చే రసీదుతో బండి నడుపుకోవచ్చు. ఈ రసీదుతో నడపకూడదు. లైసెన్సు తిరిగొచ్చేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదని చట్టం అక్కడే రాసిపెట్టింది.

నాలుగు రోజులకొచ్చిన మనకు అది పాడైన టూరు. ఆ కారు మీద బతికే డ్రైవరుకు అది పొయ్యిలో పిల్లి లేవని రోజులు.

డ్రైవర్ని "తొక్కు బాబూ" అని తొందరపెట్టింది మేమే. ఫైను మాత్రం అతనికేనా?

మా అమ్మనీ పిన్నినీ వండూరు తీసుకెళ్లిన రోజు నేను చేసిన పని అదే. హోటల్లో టిఫిను ఆలస్యమైంది, పడవ వెళ్లిపోతుందని నా గుండె కొట్టుకుంటోంది. వెనక సీట్లోంచి మూడుసార్లు అన్నాను. డ్రైవరు సోంపేట వైపు వాడు. నాలుగోసారి అనేసరికి అద్దంలోంచి నావైపు చూసి, "సార్, ఆ మలుపు దాటాక రోడ్డు తడిగుంటాది. నాను తొక్కను" అన్నాడు. మలుపు దాటాం. రోడ్డు తడిగానే ఉంది. ఒక పాప మేకను పట్టుకుని అంచున నిలబడి ఉంది. ఆ తరువాత నేను మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ పాప ఎర్ర గౌను నాకు గుర్తే.

చట్టం సంగతికొస్తే, బండి నడిపినవాడే కాదు, తన కింద పనిచేసేవాడి చేతో, తన అధీనంలో ఉన్నవాడి చేతో స్పీడ్ లిమిట్ దాటించినవాడు కూడా 183వ సెక్షన్ కింద నేరస్థుడే. నాలుగో ఉపసెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఇన్ని గంటలకల్లా అక్కడికి చేరాలని ఎవరైనా టైంటేబుల్ ప్రకటించినా, ఆదేశమిచ్చినా, స్పీడ్ లిమిట్ దాటకుండా ఆ టైంకి చేరడం సాధ్యం కాదని కోర్టుకు తోస్తే, ఆ టైంటేబులే వాళ్లు నేరం చేశారనడానికి ప్రాథమిక సాక్ష్యం.

ఒకే పూటలో నాలుగు చోట్లు చూపిస్తామని కరపత్రం వేసే ట్రావెల్ యజమానులు ఈ వాక్యం గోడకు అంటించుకోవాలి. డ్రైవర్లు దీన్ని ఫోన్‌లో దాచుకోవాలి. యజమాని పంపిన "ఆరింటికల్లా గేటు దగ్గర ఉండు" అన్న మెసేజిని చెరిపెయ్యకుండా ఉంచుకోవాలి. కారు అద్దెకు తీసుకున్న ప్రయాణికుడు "అధీనంలో" అన్న మాట కిందకు వస్తాడా రాడా అన్నది ఆయా కేసును బట్టి కోర్టు తేల్చాలి. నా మట్టుకు నాకు ఆ తీర్పు అక్కర్లేదు.

తొందరపడితే ఎంత కలిసొస్తుంది?

పోర్ట్‌బ్లెయిర్ నుంచి సిప్పీఘాట్‌కు 14 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 21 నిమిషాలు. 60తో 14 నిమిషాలు. మిగిలేది ఏడు నిమిషాలు. అదీ దారంతా ఖాళీగా ఉంటే. గారాచర్మా వైపు రద్దీలో అందులో సగం కరిగిపోతుంది.

పోయేది కూడా లెక్కేద్దాం. 40లో ఉన్న బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అడ్డం చూసి బ్రేకు మీద కాలు పడడానికి ఒక సెకను. తడిరోడ్డు మీద ఆగేసరికి మొత్తం 27 మీటర్ల దాకా జరిగిపోతుంది. 60లో అదే దూరం 50 మీటర్లు దాటుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కురిసే చోటిది. ఏడాదిలో ఎక్కువ నెలలు తడిరోడ్డు లెక్కే లెక్క.

స్కూటర్ అద్దెకు తీసుకున్నాం. చలాన్ పడితే మాకా, ఓనరుకా?

కెమెరా చలాన్ ముందు ఓనరు పేరు మీదే వస్తుంది. ఆ రోజు బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పడం 133వ సెక్షన్ ప్రకారం ఓనరు బాధ్యత. మీ లైసెన్సు కాపీ, సంతకం అతని దగ్గరున్నాయి కనుక కాగితం మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. అందుకే బండి తీసుకున్న గంట, తిరిగిచ్చిన గంట కాగితం మీద రాయించుకోండి. మీకు ముందు తిరిగినవాళ్ల చలాన్ మీ డిపాజిట్‌లోంచి పోకుండా ఉంటుంది.

నంబరు ప్లేటు చూడండి. అద్దెకిచ్చి సొంతంగా నడుపుకోమనే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి చవగ్గా వచ్చినా తీసుకోకండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునే సందు అదే. హెల్మెట్ నడిపేవాళ్లకీ వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయల ఫైనుతో పాటు మూడు నెలలు లైసెన్సు అనర్హత కూడా ఉంది. పిల్లలకు ఓనరు హెల్మెట్ ఇవ్వడు. నాలుగేళ్లు దాటిన బిడ్డకు మీరే తెచ్చుకోవాలి.

ఆంధ్రా, తెలంగాణ లైసెన్సు ఇక్కడ చెల్లుతుంది. వేరే పర్మిట్ అక్కర్లేదు.

కాగితాలు ఫోన్‌లో చూపిస్తే చాలా?

చాలు. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు కాగితాలతో సమానం. కానీ ఈ ద్వీపాల్లో ఊరు దాటితే సిగ్నల్ మాయమవుతుంది. కార్డు జేబులో పెట్టుకోండి. లైసెన్సు చూపించమని యూనిఫాంలో ఉన్న ఏ పోలీసైనా అడగొచ్చు.

సిప్పీఘాట్ చూశాక బారాటాంగ్ వెళ్తున్నాం. కాన్వాయ్‌లో నియమాలు వేరా?

పూర్తిగా వేరు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 49 కిలోమీటర్లు జారవా జనుల రక్షిత అడవి. బండ్లన్నీ వరసగా, పోలీసు కాపలాతో కదులుతాయి. 40 దాటకూడదు, ముందున్న బండిని ఓవర్‌టేక్ చేయకూడదు, ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఇక్కడ మోటారు చట్టం ఒక్కటే కాదు, ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన రెగ్యులేషన్ కూడా ఉంది. 2012లో దానికి పదును పెట్టారు. అతిక్రమిస్తే జైలు దాకా పోతుంది.

ఈ రోడ్డులో జారవాల అడవి మీదుగా పోయే భాగాన్ని మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంకా తెరిచే ఉంది. వాళ్ల ఇంటి మధ్యలోంచి మనం పోతున్నాం. 40 అన్నది అక్కడ మన భద్రత కోసమే పెట్టింది కాదు, రోడ్డు దాటుతున్న తల్లీబిడ్డల కోసం పెట్టింది.

ఎదురొచ్చే బండ్లు లైట్లు కొట్టి "ముందు పోలీసులున్నారు" అని చెబుతాయి. అలాంటివి నమ్ముకోవచ్చా?

ఆ లైటు చూసి స్పీడు తగ్గించినవాళ్లు రెండు మలుపుల తరువాత మళ్లీ తొక్కుతారు. దానివల్ల చలాన్ తప్పుతుందేమో, మలుపు తప్పదు. నంబరు ప్లేటుకు బురద పూయడం, అంకె మీద స్టిక్కరు అంటించడం లాంటివి అసలు తలపెట్టకండి. వెయ్యి రూపాయల తప్పును అవి పెద్ద కేసుగా మారుస్తాయి.

ఇంటికొచ్చేశాం. నెల తరువాత చలాన్ వచ్చింది. ఏం చేయాలి?

ముందు అది నిజమైనదేనా చూడండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కకండి, చలాన్ పేరుతో వచ్చిన యాప్ ఫైలును ఫోన్‌లో ఎక్కించకండి. ఆ మోసంతో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి బండి నంబరుతో వెతకండి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉండాలి.

నిజమైనదే అయితే తేదీలు లెక్కపెట్టండి. స్పీడ్ కేసులకు 209వ సెక్షన్ ఒక గడువు పెట్టింది. తప్పు జరిగినప్పుడే కేసు పెట్టే అవకాశముందని మీకు చెప్పి ఉండాలి, లేదా 14 రోజుల్లో తప్పు ఏమిటో, ఎప్పుడో, ఎక్కడో రాసి మీకు గానీ ఓనరుకు గానీ నోటీసు పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే శిక్ష వేయకూడదు. మీ పేరు, చిరునామా దొరకక ఆలస్యమైందని కోర్టు నమ్మితే ఈ రక్షణ వర్తించదు. అద్దె బండి కేసుల్లో అది జరగవచ్చు. అందుకే ఓనరుకు నోటీసు ఏ రోజు అందిందో అడిగి తెలుసుకోండి.

బండి ఆ రోజు మీ దగ్గర లేదనో, ఫొటోలో ఉన్నది మీ నంబరు కాదనో అయితే అభ్యంతరం రాయండి, రుజువు జతచేయండి. ఓడ టికెట్టు, బోర్డింగ్ పాసు, అద్దె రసీదు ఏవీ పారేయకండి. తప్పు ఒప్పుకోదలిస్తే దాని కోసం మళ్లీ సముద్రం దాటి రానక్కర్లేదు. 208వ సెక్షన్ కింద వచ్చే సమన్లలో, విచారణ తేదీకి ముందే తప్పు ఒప్పుకుని, చెప్పిన మొత్తం పంపి కేసు ముగించుకునే దారి ఉంటుంది. వకీలు ద్వారా హాజరయ్యే వీలూ ఉంటుంది. పేరుకుపోయిన చలాన్లు జాతీయ లోక్ అదాలత్‌లోనూ తేల్చుకోవచ్చు. అండమాన్ కేసులు పైకి వెళ్తే కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో దాని సర్క్యూట్ బెంచ్ ఉంది.

సిప్పీఘాట్ నీళ్ల పక్కన పక్షులు బాగుంటాయంటారు. కారు రోడ్డు మీదే ఆపి చూడొచ్చా?

అండమాన్ బాతు ప్రపంచంలో ఈ ద్వీపాల చుట్టుపక్కల తప్ప మరెక్కడా లేదు. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆగండి, కానీ కట్ట మీద, మలుపులో ఆపకండి. ఇతరులకు ప్రమాదమయ్యేలా రోడ్డు మీద బండి నిలపడం 122వ సెక్షన్ ప్రకారం తప్పు. మలుపు దాటాక అంచు వెడల్పుగా ఉన్న చోటు చూసి, బండి పూర్తిగా పక్కకు దించండి. పిల్లల్ని రోడ్డు వైపు తలుపులోంచి కాకుండా నీళ్ల వైపు నుంచి దించండి. పొద్దున ఆరు గంటలకు వెలుతురు బాగుంటుంది. ఆ వేళకు పడవ తొందరలో ఉన్న కార్లు ఇంకా రావు.